యాభై దాటించిన మంగమ్మ

మంగమ్మతో నేను మాటలు మానేసిన రోజులు మొత్తం పదకొండు. అదీ మామిడి కోత జోరుమీదున్న మే నెలలో. ఆ పదకొండు రోజులూ తప్పు నాదే. ఈ మాట మీలాంటి బయటివాళ్ళ ముందు ఒప్పుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది కాబట్టి మధ్యలో అడ్డం రాకుండా వినండి.

నా పేరు సుబ్బరత్నమ్మ. వయసు డెబ్బై మూడు. నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే దారిలో మాకు పన్నెండెకరాల మామిడితోట ఉంది. చిన్నరసాలు, బంగినపల్లి, ఓ మూలన పాతిక కలెక్టరు చెట్లు. తోట మా ఆయన బసవపున్నారావుగారి పేరున ఉంది, అరుపులు మాత్రం నా పేరున ఉన్నాయి. ఆయనకి ఎనభై రెండు. ఇవాళ్టికీ పొద్దున్నే తోట చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చి, కాఫీలో పంచదార తగ్గిందని నాతో పేచీ పెట్టుకుంటారు. మా అత్తగారు తొంభై ఒకటికి పోయారు, మామగారు ఎనభై ఏడుకి. మా పెద్దవీధిలో ఇదేమంత విశేషం కాదు. డెబ్బైకి ఎవరైనా పోతే "అయ్యో, పోయే వయసా అది?" అనుకుంటాం.

మంగమ్మ మా తోటలో కోత కోసే ముఠాకి మేస్త్రి. పద్దెనిమిది మంది ముఠా. కోసేవాళ్ళు, ఏరేవాళ్ళు, ట్రేలకెత్తేవాళ్ళు. మా వైపు మేస్త్రి అంటే మగవాడే. అంతకుముందు ఆవిడ భర్త పున్నయ్య మేస్త్రిగా ఉండేవాడు. వాడు నలభై ఆరేళ్ళకి కాళ్ళూ మొహం వాచిపోయి చనిపోయాడు. పెద్దకర్మ అయిన మూడోరోజున మంగమ్మ మా గుమ్మం ముందు నిలబడింది.

"ముఠా నేను నడుపుతానండీ," అంది.

"నీవల్ల అవుతుందా?" అన్నాను.

"అవకపోతే అడగడానికెందుకొస్తానండీ?" అంది.

ఔరా, అనుకున్నాను. నాకు ఎదురు మాట్లాడేవాళ్ళంటే ఒళ్ళు మండుతుంది. వాళ్ళని వదులుకోబుద్ధి కూడా కాదు. ముఠా ఆవిడకే ఇచ్చాను.

ఆవిడ పని చూసి తీరాలి. చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగి తల పైకెత్తి "ఇరవై ఆరు ట్రేలండీ" అంటే ఇరవై ఆరే. మా ఆయన ఒక ఏడు పట్టుదలకి పోయి లెక్కపెట్టించారు. పదిహేను చెట్లలో ఒక్క చెట్టుకి రెండు ట్రేలు తేడా వచ్చాయి. అదీ కోతులు తిన్నాయని తర్వాత తెలిసింది. కాయకి రెండంగుళాల తొడిమ ఉంచి కోయాలి, లేకపోతే సొన కారి కాయ మీద మచ్చ పడుతుంది. మంగమ్మ ముఠా కోసిన కాయ మీద మచ్చ ఉండదు. చదివింది ఐదో తరగతి. ఆ బుర్రని ఇంకో పదేళ్ళు బడికి పంపి ఉంటే ఏమయ్యేదోనని నాకిప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

వాళ్ళింట్లో మగవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. తండ్రి నలభై ఎనిమిదికి పోయాడు. అన్న నలభై ఐదుకి. భర్త సంగతి చెప్పాను. అందరూ కాయ కోసేవాళ్ళే. ఒకడికి నీరు పట్టిందన్నారు, ఒకడికి గాలి సోకిందన్నారు. అన్నకి తాగుడన్నారు. వాడు చుక్క ముట్టేవాడు కాదు, అయినా అన్నారు. ఇక మిగిలింది తమ్ముడు చిన్నయ్య ఒక్కడే. మూడేళ్ళ కిందట వాడికి నలభై ఏడు. చెట్టెక్కడంలో వాడి తర్వాతే ఎవరైనా. తమ్ముడు కొమ్మ మీద ఉన్నంతసేపూ మంగమ్మ కళ్ళు వాడి మీదే ఉండేవి. జారిపడతాడని భయమేమో అనుకునేదాన్ని. ఆవిడ భయం అది కాదు. వాడికి యాభై వస్తాయా రావా అని.

మా వైపు కోతల్లో ఒక అలవాటు ఉంది. పొద్దున ఆరింటికి ముఠా దిగగానే టీ ఇస్తారు. టీతోపాటు ఒక నొప్పిబిళ్ళ. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇంకోటి. కోత నలభై యాభై రోజులే, ఒళ్ళు నొప్పులని ఒక రోజు పడుకుంటే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకని నొప్పి రాకముందే బిళ్ళ వేసేస్తారు. ఎర్రగా, చిన్నగా ఉంటుంది. మెడికల్ షాపులో అడగ్గానే ఇస్తారు. వేరే తోటల్లో బిళ్ళలు మేస్త్రి కొనుక్కొచ్చేవాడు. మా తోటలో నేనే పెట్టెలకి పెట్టెలు తెప్పించి ఇచ్చేదాన్ని. పేరంటాల్లో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా, మా తోటలో కూలోళ్ళకి మందు కూడా మేమే చూస్తాం అని. మేస్త్రి కాబట్టి మంగమ్మ తను ముందు ఒకటి వేసుకుని, తర్వాత అందరి చేతుల్లోనూ తలా ఒకటి పెట్టేది.

ఆ ఏడు మే నెల మొదటి వారంలో ఒకరోజు తోటకి వెళ్ళాను. కాయలు ఏరి పోయడానికి కింద పరిచేవి పాత ఫ్లెక్సీలే. ఎవరైనా పోతే ఫొటో వేయించి జంక్షన్‌లో కడతారు కదా, పెద్దకర్మ అయ్యాక అవి ఇలా తోటలకి చేరతాయి. పోయినవాళ్ళ మొహాల మీద కాయలు పోయడం బాగోదని బొమ్మవైపు నేలకి వేసి పరుస్తారు. ఆ రోజు మాత్రం అన్నీ బొమ్మ పైకి ఉన్నాయి. రెండు వరసలుగా పరిచి ఉన్నాయి. మధ్యలో మంగమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటే ఈ ప్రదర్శన? కాయలు ఎక్కడ పోస్తారు?" అన్నాను.

"ఇటు వరస మీ పెద్దవీధి వాళ్ళండీ. అటు వరస మా కాలనీ వాళ్ళు," అంది. "కింద పుట్టిన ఏడు, పోయిన ఏడు వేస్తారు కదండీ. దాంట్లోంచి దీన్ని తీసేసి చూశాను. కాయల్ని ట్రేలకి సమంగా సర్దినట్టు సర్దితే, మీ వీధి మనిషికి డెబ్బై తొమ్మిదేళ్ళు వచ్చాయండీ. మా మనిషికి యాభై ఒకటి."

నేను ఆ మొహాల వంక చూశాను. ఇటు మా మామగారు ఉన్నారు, నవ్వుతూ. అటు పున్నయ్య, ఆధార్ కార్డు ఫొటోని పెద్దది చేసి వేయించారు, బిక్కమొహం వేసుకుని ఉన్నాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళు తేడా అండీ," అంది మంగమ్మ. "అవన్నీ ఎక్కడికి పోయాయండీ?"

నాకేం చెప్పాలో తోచలేదు. తోచనప్పుడు మనకి దేవుడున్నాడు కదా. "ఎవరి నుదుట ఎంత రాసుంటే అంత," అన్నాను.

"దేవుడు కూడా వీధి చూసి రాస్తాడా అండీ?" అంది.

"నోరు మూసుకుని పని చూడు," అన్నాను. ఫ్లెక్సీలు తిరగేయించి కాయలు పోయించాను. కానీ ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. అది ఎండవల్ల అనుకున్నాను.

ఆ తర్వాత నాలుగో రోజో ఐదో రోజో, చిన్నయ్య చెట్టు దిగి చెప్పులు వేసుకోబోతే కాళ్ళు చెప్పుల్లో పట్టలేదు. మంగమ్మ చూసింది. కిందికి వంగి తమ్ముడి కాలి మీద బొటనవేలితో నొక్కింది. నొక్కినచోట గుంట పడి, అలాగే ఉండిపోయింది. పున్నయ్యకి కూడా మొదట ఇలాగే గుంట పడింది. ఆవిడ వెంటనే లేచింది. సగం ట్రేలు ఎక్కించిన ట్రక్కు ఆటోలో తమ్ముడిని కూర్చోబెట్టి, "మండలం ఆసుపత్రికి పోనీ," అంది. ట్రేలు దింపండని నేను అరుస్తూనే ఉన్నాను, ఆటో వెళ్ళిపోయింది.

అక్కడ జరిగింది తర్వాత నాకు చిన్నయ్య కూతురు నవ్య చెప్పింది. ఆ పిల్ల కబురు విని కాలేజీ నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళిందట. డాక్టరమ్మ స్వాతిగారు బీపీ చూసి, రక్తం తీయించి, మర్నాడు రమ్మన్నారు. మర్నాడు కాగితం చూసి, కిడ్నీలు సగానికి పైగా దెబ్బతిన్నాయి అన్నారు.

"నొప్పులకి ఏమైనా మందులు వాడతావా?" అని చిన్నయ్యని అడిగారు.

"వేరే ఏం లేవండీ," అన్నాడట చిన్నయ్య. "కోతల్లో మా అక్క ఇచ్చే బిళ్ళేనండీ. పొద్దునోటి, మధ్యాహ్నమోటి."

ఎన్నేళ్ళ నుంచి అని అడిగితే, పాతికేళ్ళు ఉంటాయండీ, అక్కకి ముందు మా బావ ఇచ్చేవాడండీ అన్నాడట. డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుని అక్కాతమ్ముళ్ళిద్దరికీ నెమ్మదిగా చెప్పారట. కిడ్నీ అంటే జల్లెడ లాంటిది. రోజంతా ఎండలో చెమటలు కారి, నీళ్ళు తాగక, ఒంట్లో నీరు ఎండిపోయి ఉన్నప్పుడు ఆ బిళ్ళ పడితే జల్లెడ కళ్ళు మూసుకుపోతాయి. దానికి తోడు ఎప్పుడూ చూపించుకోని బీపీ. అన్నిటికీ బిళ్ళే కారణమని చెప్పలేను, కానీ ఇవాళ్టి నుంచి ఒక్కటి కూడా వేయకూడదు. పోయింది తిరిగిరాదు, ఉన్నదాన్ని ఇక్కడే ఆపొచ్చు, అన్నారట.

"మా అత్త ఏడవలేదండీ," అంది నవ్య. "తన అరచేయి వంక చూసుకుంటూ కూర్చుంది. ఎంతసేపు చూసిందో. నాకు భయమేసింది."

ఆ అరచేత్తోనే కదా పంచింది.

ఆసుపత్రి నుంచి మంగమ్మ తిన్నగా మా ఇంటికొచ్చింది. సంచీలోంచి బిళ్ళల అట్టలన్నీ తీసి అరుగు మీద పెట్టింది. "ఇవి ఇక మాకొద్దండీ," అంది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. తర్వాత తన షరతులు చెప్పింది. పదకొండింటి నుంచి మూడింటి దాకా ఎవరూ చెట్టెక్కరు. తోటలో నాలుగుచోట్ల తాగే నీళ్ళు పెట్టాలి. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కట్టించాలి. అది లేకే ఆడవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా పని చేస్తున్నారట. నలభై ఏళ్ళుగా ఆ తోటకి వెళుతున్నాను. నాకు ఆ సంగతే తెలియదు. మరి నేను అవసరమైతే ఇంటికొచ్చేసేదాన్ని కదా.

తెలియని విషయం ఎదుటివాళ్ళు చెబితే సిగ్గుపడాలి. నాకు కోపం వచ్చింది.

"నేనేమన్నా విషం పెట్టానటే? అడిగారు, ఇచ్చాను. చుట్టుపక్కల అన్ని ముఠాలూ మింగుతున్నాయి. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? నాలుగ్గంటలు కూర్చుంటే లారీ నీకోసం ఆగుతుందా?"

"లారీ ఆగదండీ," అంది మంగమ్మ. "మేమే ఆగుతాం."

ఆగింది. మర్నాడు ముఠా రాలేదు. నేను కబురు పెట్టలేదు. పదకొండు రోజులు.

మా అవస్థ ఏం చెప్పను. చింతలపూడి వైపు నుంచి ఇంకో ముఠాని పిలిపించాను. వాళ్ళు తొడిమల్లేకుండా కాయ తెంపారు, సొన కారి ట్రేలకి ట్రేలు మచ్చలు పడ్డాయి. నేను నాలుగు తిట్టాను, వాళ్ళు రెండోరోజే వెళ్ళిపోయారు. గాలి వచ్చి చిన్నరసాలు జలజలా రాలాయి. మా ఆయన కాఫీలో పంచదార గురించి మాట్లాడటం మానేశారు. అటు మంగమ్మ సంగతి మాత్రం తక్కువా? ఏడాదిలో నాలుగు మెతుకులు వెనకేసుకునేది ఆ నెలన్నరలోనే. పద్దెనిమిది కుటుంబాలని పనిలోంచి ఆపి కూర్చోబెట్టింది. సగంమంది తిట్టారట. ఇద్దరు వేరే ముఠాలో చేరి, మూడోరోజు తిరిగొచ్చారట. ఆవిడ ఎవరికీ బదులు చెప్పకుండా, రెండు ఆటోలు మాట్లాడి అందరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం ఇప్పించింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అని తిట్టుకున్నాను నేను ఇంట్లో కూర్చుని. కుందేలుకి ఎన్ని కాళ్ళో నాకు తెలిసినట్టు!

పదకొండో రోజున ఇక ఉండబట్టలేక ఆటో కట్టించుకుని నేనే ఆసుపత్రికి వెళ్ళాను. ఈ డాక్టరమ్మెవరో నా ముఠాని చెడగొట్టింది, నాలుగు దులిపేద్దామని. లోపలికి వెళితే చిన్నపిల్ల, మా మనవరాలు యోగిత వయసు ఉంటుంది. నేను దులుపుతుంటే అంతా విని, కుర్చీ చూపించి, "మోకాళ్ళు ఇబ్బంది పెడుతున్నాయా అమ్మా? నడక చూశాను," అంది.

"ఎనిమిదేళ్ళుగా," అన్నాను.

"నొప్పికి ఏం వాడుతున్నారు?"

"పూతమందు రాసుకుంటాను, కాపడం పెట్టుకుంటాను. బిళ్ళలు మాత్రం ముట్టుకోను. ఆరేళ్ళ కిందటే విజయవాడలో పెద్ద డాక్టరు చెప్పాడు, ఈ బిళ్ళలు రోజూ వేసుకుంటే కిడ్నీలు..."

ఆ మాట అక్కడితో ఆగిపోయింది. డాక్టరమ్మ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది, నేను తిరిగి అరిచేదాన్ని.

నాకు తెలుసు. ఆరేళ్ళుగా నాకు తెలుసు. ఆ రోజు విజయవాడ నుంచి ఇంటికొచ్చి, నా బీరువాలో మిగిలిన రెండు పెట్టెల బిళ్ళలు చూసి, పారేయడమెందుకు, కష్టపడేవాళ్ళకి పనికొస్తాయి అని తోటకి పంపించింది నేనే. అవే. నన్ను వేసుకోవద్దన్న బిళ్ళలే. అందులో చెడు ఉద్దేశం లేదు, ఒట్టు. అదే నన్ను చంపుతోంది. చెడు చేద్దామనుకుని చేస్తే ఎప్పుడో ఒకప్పుడు గుర్తొచ్చేది. వాళ్ళకీ నాలాగే కిడ్నీలుంటాయన్న ఆలోచనే నాకు రాలేదు. గురివింద గింజ సామెత ఊరందరికీ చెప్పేదాన్ని నేను.

పద్దెనిమిది మందిలో ఏడుగురికి కిడ్నీలు ఎంతో కొంత దెబ్బతిన్నాయని డాక్టరమ్మ చెప్పింది. పేర్లు చెప్పలేదు. నేను అడగలేదు.

అక్కడి నుంచి ఇంటికి వెళ్ళకుండా కాలనీకి పోనిమ్మన్నాను. మంగమ్మ వాకిట్లో కూర్చుని, రెండు లీటర్ల ఖాళీ సీసాలు పద్దెనిమిది ముందు పెట్టుకుని, వాటి మీద గోళ్ళరంగుతో గీతలు పెడుతోంది. ఏ వేళకి ఎంతదాకా తాగాలో చూపించే గీతలు. చదువురానివాళ్ళకి కూడా తెలియాలని. నన్ను చూసి లేచి కుర్చీ తెచ్చింది. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేశాను, ఒక్క ముక్క దాచకుండా.

ఆవిడ చేతిలో ఉన్న సీసాకి మూత బిగించింది.

"ఆరేళ్ళా అండీ?" అంది.

"ఆరేళ్ళు."

"మా ఆయన పోయి నాలుగేళ్ళండీ."

అంటే వాడు పోయేనాటికి రెండేళ్ళుగా నాకు తెలుసు.

"ఒక్క మాట చెప్తే అయిపోయేది కదండీ అమ్మగారూ," అంది. గొంతు పెంచలేదు. "మీకు చెప్పిన మాటే. మాక్కూడా చెప్పి ఉంటే అయిపోయేది."

నేను ఏడ్చాను. డెబ్బై ఏళ్ళ మనిషిని, కాలనీ అంతా చూస్తుండగా. ఆవిడ నన్ను ఓదార్చలేదు. ఎందుకు ఓదార్చాలి? మళ్ళీ గోళ్ళరంగు తీసుకుని మిగిలిన సీసాల మీద గీతలు పెట్టింది. అన్నీ అయ్యాక తలెత్తి, "రేపు ఆరింటికి వస్తామండీ. నీళ్ళు పెట్టించండి," అంది.

క్షమించిందో లేదో నాకు ఇవాళ్టికీ తెలియదు. అడిగే ధైర్యం లేదు. కానీ అంత కోపం మింగుకుని, ఆ పద్దెనిమిది మంది కోసం మళ్ళీ నా తోటలోకి అడుగుపెట్టిన మనిషిని చూస్తే, నాకు దేవుడి గదిలో నిలబడినప్పటిలా ఒళ్ళు జలదరిస్తుంది.

నీళ్ళు, నీడన విశ్రాంతి, మరుగుదొడ్డి, ఆవిడ అడిగినవన్నీ జరిగాయి. అక్కడితో ఆగిందా? ఆగితే మంగమ్మ ఎందుకవుతుంది! తెల్లారకముందే ముఠాలన్నీ హనుమాన్ జంక్షన్‌లో టీ బడ్డీల దగ్గర చేరతాయి. ఆవిడ రోజూ ఒక గంట ముందు అక్కడికి వెళ్ళి ప్రతి మేస్త్రికీ చెప్పడం మొదలుపెట్టింది. నవ్వారు. ఈవిడ డాక్టరు కూడా అయ్యిందిరోయ్ అన్నారు. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు. ఒక మేస్త్రికి కాళ్ళు వాచాయి, అప్పుడు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ ఏడు చివరికి ఏడు ముఠాలు బిళ్ళ మానేశాయి.

తోటలవాళ్ళు నాకు ఫోన్లు. "మీ మంగమ్మ మా ముఠాల్ని పాడు చేస్తోందండీ," అని. నేను ఒక్కొక్కళ్ళనీ ఒకటే అడిగాను, మీ మోకాళ్ళకి మీరేం వాడుతున్నారు అని. తొమ్మిది మందిని అడిగితే ఆరుగురికి వాళ్ళ డాక్టర్లు ఆ బిళ్ళ వద్దని ఎప్పుడో చెప్పారు. మా వీధిలో అందరికీ తెలుసన్నమాట. మా వీధికీ కాలనీకీ మధ్య అర కిలోమీటరు ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఆ అర కిలోమీటరు నడవలేదు.

ఇంకో సంగతి. బీపీ చూపించుకోండని డాక్టరమ్మ అంటే, మంగమ్మ ఆవిడనీ వదల్లేదు. "మీ ఆసుపత్రి సరిగ్గా మా కూలివేళల్లోనే తెరుస్తారండీ. మేమెప్పుడు రావాలి?" అంది. డాక్టరమ్మ ఇప్పుడు నెలకోసారి పొద్దున ఆరింటికే మిషను పట్టుకుని మా షెడ్డుకి వస్తోంది. టీతోపాటు బిళ్ళ పంచినచోటే ఇప్పుడు చేతికి పట్టీ కట్టి బీపీ చూస్తారు.

అయితే ఊరంతటినీ ఒప్పించిన మనిషి తమ్ముడిని మాత్రం తేలిగ్గా ఒప్పించలేకపోయింది. చెట్టెక్కొద్దు, షెడ్డులో కాయలు ఏరు అంటే చిన్నయ్యకి తల కొట్టేసినట్టయింది. ఆడవాళ్ళతో కూర్చుని కాయలు ఏరాలా అని రుసరుసలాడాడు. ఆ కోతల చివర్లో ఒకరోజు వాడి చొక్కా జేబులో ఎర్ర బిళ్ళల అట్ట దొరికింది. దొంగతనంగా వేసుకుని చెట్టెక్కుతున్నాడు. మంగమ్మ అందరి ముందూ తమ్ముడి చెంప ఛెళ్ళుమనిపించింది. నలభై ఏడేళ్ళ మనిషిని! తర్వాత అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా నేను ఆవిడ అలా ఏడవడం చూడలేదు.

"నాన్న పోయాడు, అన్న పోయాడు, ఆయన పోయాడు. నువ్వొక్కడివే మిగిలావురా. నీ చేతిలో బిళ్ళ పెట్టింది కూడా నేనే కదరా," అంది.

చిన్నయ్య అక్క పక్కన కూర్చున్నాడు. "ఇక వేసుకోనక్కా," అన్నాడు. వేసుకోలేదు.

మూడు నెలలకోసారి పరీక్ష. ఆ కాగితం వచ్చేదాకా మంగమ్మకి అన్నం దిగదు, నాకూ దిగదు. మొదటి ఏడు, రక్తంలో కిడ్నీ వడకట్టని మలినం చూపే అంకె కాస్త తగ్గింది. రెండో ఏడు ఓసారి పెరిగి మా ప్రాణాలు తీసింది, మళ్ళీ సర్దుకుంది. బాగవలేదు, బాగవదు. కానీ డాక్టరమ్మ చెప్పినట్టు అక్కడే నిలబడి ఉంది. వాడు ఏరిన కాయకి ఇప్పుడు వ్యాపారుల్లో పేరొచ్చింది, దాంతో రుసరుసలు కూడా తగ్గాయి.

మొన్న జనవరి ఒకటిన వాడికి ఆధార్ కార్డు ప్రకారం యాభై నిండాయి. కాలనీలో సగంమంది కార్డుల్లో పుట్టింది జనవరి ఒకటినే, అసలు తేదీ ఎవరికీ తెలియదు. ఆ రోజు పొద్దున్నే మంగమ్మ ఫోన్ చేసి, "అమ్మగారూ, దాటాడండీ," అని పెట్టేసింది. అంతే. వాళ్ళింట్లో తరతరాలుగా ఏ మగవాడూ చేరని చోటికి, గోళ్ళరంగు గీతలు పెట్టిన నీళ్ళసీసా చేతికిచ్చి తమ్ముడిని నడిపించుకెళ్ళింది ఆ మనిషి. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఈ ఏడు కోతల్లో ఇది జరిగింది. నవ్యని ఉంగుటూరు ఇచ్చారు. పురిటికి పుట్టింటికొచ్చింది, ఆడపిల్ల పుట్టింది. మూడోనెల రాగానే మాకు చూపిద్దామని పిల్లని తోటకి తీసుకొచ్చింది. పదకొండు దాటింది, అందరూ నీడన ఉన్నారు. మా ఆయన షెడ్డు చూరు కింద నవారు మంచం మీద కూర్చుని ఉన్నారు. నవ్య పిల్లని తండ్రి చేతుల్లో పెట్టింది. చిన్నయ్య బాగా ముగ్గిన రసంకాయని పట్టుకున్నట్టు, రెండు చేతులూ కిందపెట్టి, కదలకుండా పట్టుకున్నాడు. కాసేపటికి అలాగే మెల్లగా నడుచుకుంటూ మా ఆయన దగ్గరికి వచ్చాడు.

"అయ్యగారూ, ఒక మాట అడగనాండీ?"

"అడగరా."

"తాత అంటే ఏం చేయాలండీ?"

మా ఆయన హాస్యమనుకుని నవ్వారు. ఇంకెవరూ నవ్వలేదు.

"మా ఇంట్లో ఎవర్నీ చూడలేదండీ," అన్నాడు చిన్నయ్య. "నా పెళ్ళి కాకుండానే మా నాన్న పోయాడు. ఆయన పిల్లాడిగా ఉన్నప్పుడే వాళ్ళ నాన్న పోయాడంట. అందుకని తెలీదండీ. మీకైతే తెలుస్తుందని."

మా ఆయన నవ్వు ఆగిపోయింది. ఎనభై రెండేళ్ళ మనిషి, ముగ్గురు మనవలని ఎత్తుకున్న మనిషి, వాడి చేతుల్లో ఉన్న పాప వంక చూశారు. నేను చూపు తిప్పుకున్నాను.

"ఏం చేయక్కర్లేదురా," అన్నారు చివరికి. "ఊరికే కూర్చోవాలి. అంతే."

అంటూ పక్కకి జరిగి మంచం మీద చోటిచ్చారు. కాపురానికొచ్చిన ఈ యాభై నాలుగేళ్ళలో ఆ మంచం మీద తన పక్కన కాలనీ మనిషిని కూర్చోబెట్టుకోవడం నేను చూడలేదు. చిన్నయ్యకీ తెలుసు ఆ సంగతి. కూర్చోకుండా అక్క వంక చూశాడు. మంగమ్మ చేతులకంటిన సొన కొంగుతో తుడుచుకుంటోంది.

"కూర్చోరా మరి," అంది. "పాపకి ఎండ తగులుతోంది."

చిన్నయ్య కూర్చున్నాడు.